మా బడిలో ఎడమకాలు ఎందుకు ఈడుస్తాం

కుంగ్‌ఫూ నేర్పడం బతుకుతెరువుగా పెట్టుకోబోతున్న పిల్లలూ, ముందుగా ఒక మాట. మీరు ఊహించుకునే పని ఇది కాదు. గాలిలోకి ఎగిరి తన్నడం ఇందులో ఎంతసేపు ఉంటుందంటే, పెళ్ళి మొత్తంలో తాళి కట్టేంతసేపు. మిగతాదంతా నేల తుడవడం, చెమట వాసన పోవడానికి కిటికీలు తెరవడం, జనవరిలో వాకిట్లో మంచు ఎత్తిపోయడం, ‘మా వాడికి బ్లాక్ బెల్ట్ ఎప్పుడిస్తారండీ’ అని ఫోన్ చేసే తల్లులకు మర్యాదగా జవాబు చెప్పడం. మా పద్ధతిలో బెల్టులే లేవు. ఆ సంగతి మర్యాదగా చెప్పడం నాకు చివరిదాకా చేతకాలేదు.

మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఒక చైనీస్ యుద్ధవిద్యల బడి నడిపాను. పోయినేడు తాళంచెవులు నా పెద్ద శిష్యురాలు డెనీస్ చేతిలో పెట్టి తప్పుకున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ నేను కరాటే ఆంటీని. కరాటే జపాన్‌ది, మాది చైనాది అని చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టింది. గుళ్ళో ప్రసాదం దగ్గర వరసలో నిలబడ్డా సరే, ‘కరాటే ఆంటీ, కొంచెం జరగండి’ అనేవాళ్ళు. జరిగేదాన్ని కాదు.

పోటీల్లో గెలిచిన కప్పులు, పేపర్లో పడిన ఫొటోలు ఇక్కడ రాయను. అవి డెనీస్ అటక మీద పెట్టేసింది, మంచి పని చేసింది. ఒక అడుగు గురించి, ఒక కప్పు టీ గురించి రాస్తాను. ఎవరికైనా చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు, అంత ఉబలాటంగా ఉంది.

వరసలు

నేను తెనాలి నుంచి పెళ్ళయి వచ్చి, కార్ల విడిభాగాలు చేసే కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుగా చేరాను. మా ల్యాబ్ పక్కనే పనిముట్లు తయారుచేసే టూల్ రూమ్. అందులో లౌ అని ఒక హాంకాంగ్ మనిషి ఉండేవాడు. అందరూ శాండ్‌విచ్‌లు తినే వేళకి ఆయన పార్కింగ్ లాట్‌లో, గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి, ఆ చలిలో కదలకుండా నిలబడేవాడు. ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి అడిగాను.

“ఇలా నిలబడితే ఏం వస్తుంది?”

“కాళ్ళనొప్పి వస్తుంది. శనివారం రా, నీకూ వస్తుంది” అన్నాడు.

వెళ్ళాను. వచ్చింది. మా ఆయన మూర్తి మాత్రం “చీరలో వెళ్తావా, ప్యాంట్‌లోనా?” అని ఒక వారం నవ్వాడు. తరవాత నా ఉద్యోగం ఊడింది. ఆ ఏడు చాలామందివి ఊడాయి. లౌ సిఫు నన్ను ఓదార్చలేదు. “సాయంత్రాలు ఖాళీయే కదా, పిల్లల క్లాసు నువ్వు తీసుకో” అన్నాడు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా తీసుకుంటానన్నాను. దొరికింది కూడా. వెళ్ళలేదు.

సిఫు అంటే గురువు, తండ్రి రెండూ కలిసిన మాట. వరసలు కలపడంలో మన తెలుగువాళ్ళని మించినవాళ్ళు లేరనుకునేదాన్ని, ఈ విద్యలోకి వచ్చాక నోరుమూసుకున్నాను. నీకంటే ముందు చేరినవాడు అన్న, నీకంటే వయసులో చిన్నవాడైనా సరే. గురువుకు గురువు తాత. గురువుతో కలిసి నేర్చుకున్న స్త్రీ సిగు, అంటే అచ్చంగా మన మేనత్త. ఈ వరసల చిట్టానే వంశం అంటారు. మా గోడ మీద ఆ వంశం ఫొటోలుగా ఉంటుంది. లోపలికి రాగానే వాటికి వంగి నమస్కారం చెయ్యాలి. ‘వీళ్ళు చైనా దేవుళ్ళా ఆంటీ?’ అని పిల్లలు అడుగుతారు. కాదు, తాతలు.

దక్షిణ చైనాలో ప్రతి బడీ తన వంశం ఒక తగలబడిన మఠం నుంచి, అందులోంచి తప్పించుకున్న సన్యాసి నుంచి మొదలైందని చెబుతుంది. మా సిఫు ఆ మాటెత్తితే కసురుకునేవాడు. “అన్ని బళ్ళకీ సరిపడా సన్యాసులు ఆ మఠంలో పట్టరు. మన మూలపురుషుడు ఎండుచేపలు అమ్ముకునేవాడు. దారిలో దొంగలు కొడుతున్నారని నేర్చుకున్నాడు” అనేవాడు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం. మీ బడికి పుట్టుకథ రంగులతో లేకపోతే దిగులుపడకండి. ఎండుచేపలు చాలు.

తాగని టీ

వంశంలోకి చేరడానికి ఒక తంతు ఉంది. శిష్యుడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో టీ ఇస్తాడు. గురువు తాగితే ఆ ఇంటి బిడ్డ అయినట్టు. తాగకపోతే, ఎన్నేళ్ళు నేర్చుకున్నా ఫీజు కట్టిన విద్యార్థి కిందే లెక్క. శిష్యుల్ని చేసుకునే హక్కు కూడా ఉండదు.

మా సిఫు నా చేతి టీ తాగేవాడు కాదు. ఫ్లాస్కులోది తాగేవాడు, మా ఇంటికొస్తే అల్లం టీ రెండుసార్లు పోయించుకునేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఇస్తానంటే మాత్రం “లే, లే” అని లేపేసేవాడు. నాకు ఒళ్ళుమండేది. ఆడదాన్ననా, ఇండియన్‌ననా అని ఒకసారి ముఖాన్నే అడిగేశాను. అప్పుడు చెప్పాడు.

గోడ మీద చివరి ఫొటోలో ఉన్నది ఆయన గురువు. సిఫు కుర్రతనంలో ఆయన దగ్గర చేరేసరికే ఆ గురువు పెద్ద బడి మూసేశాడు. ఒక దుకాణం వెనక గదిలో ఈయనొక్కడికే నేర్పాడు. ఈయన వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చుని ఉండేవాడు, తిరిగి వచ్చేటప్పుడూ కూర్చునే ఉండేవాడు. చేసి చూపించడానికి మాత్రం లేచేవాడు. కొత్త సంవత్సరం పండక్కి టీ తీసుకుంటానని మాటిచ్చాడు. పండగ రాకముందే పోయాడు.

“నేను లోపలికి వెళ్ళని ఇంట్లోకి నిన్నెలా పిలవను?” అన్నాడు సిఫు.

ఇదీ మా పరిస్థితి. ఆ గురువుగారి పాత శిష్యులు అమెరికాలో, కెనడాలో బళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళ దృష్టిలో మా సిఫు ఎక్కడో కిటికీలోంచి చూసి నేర్చుకున్నవాడు. చూసిన సాక్షి లేడు, టీ లేదు. ఆయనకి లేకపోతే నాకు లేదు, నాకు లేకపోతే డెనీస్‌కి లేదు. మాదంతా గోడకి ఫొటోలు తగిలించుకున్న జిమ్ము. సిఫుకి ఎనభై దాటి, గుండె ఆపరేషన్ అయ్యాక నాకు భయం పట్టుకుంది. ఈ మనిషి ఇలాగే ఎవరికీ ఏమీ కానివాడిగా వెళ్ళిపోతాడా అని ఏడుపొచ్చేది.

ఈడ్చే అడుగు

మమ్మల్ని వెక్కిరించడానికి వాళ్ళకి మేమే ఒక సాకు ఇచ్చాం. మా పెద్ద వరసలో, అంటే దెబ్బలూ, వాటిని అడ్డుకునే కాపులూ ఒకదానివెంట ఒకటిగా కూర్చిన ఆ పొడుగాటి సాధనలో, చివరికి వచ్చేసరికి ఎడమకాలు ఎత్తి వెయ్యాలి. మిగతా బళ్ళన్నీ ఎత్తి వేస్తాయి. మేం ఈడుస్తాం. నేలమీద సర్రుమని చప్పుడు వస్తుంది. మా వీడియో కింద ఎవరో ‘మిషిగన్ కుంటి కుంగ్‌ఫూ’ అని రాశారు. నేను రెండు పేజీల జవాబు రాస్తే మూర్తి పంపనివ్వలేదు.

ఇంజినీర్లున్న ఊళ్ళో బడి పెడితే ఇంకో బాధ. దేనికైనా సిద్ధాంతం కావాలి వాళ్ళకి. పక్క ఊరు నోవై నుంచి వచ్చే ఒకాయన అది బరువు మార్చే కిటుకన్నాడు. బ్రేకుల డిజైన్ చేసే ఇంకొకాయన అది పడవ మీద జారకుండా ఉండటానికన్నాడు. ఇద్దరూ వైట్‌బోర్డు మీద బొమ్మలు గీసి క్లాసంతా వాదించుకున్నారు. సిఫు ఒక్కటే అనేవాడు: “నాకు ఇలాగే వచ్చింది.” తెలియనిదానికి కారణం కల్పించేవాడు కాదు. గురువుగా ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఈ వృత్తిలో అందరికీ అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

సర్టిఫికెట్ నాన్న

ప్రవీణ్ అని నోవైలో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఉండేవాడు. వరంగల్ వాడు. కూతుర్ని తెచ్చి చేర్చిన రోజే అడిగాడు.

“ఆంటీ, సర్టిఫికెట్ ఎన్ని నెలల్లో వస్తది? కాలేజ్ అప్లికేషన్‌లో పెట్టాలె.”

“నీ కూతురికి తొమ్మిదేళ్ళు కదయ్యా?”

“ఇప్పటి నుంచే ప్లాన్ చేసుకోవాలె గదా ఆంటీ.”

“సర్టిఫికెట్ లేదు. నువ్వూ బూట్లు విప్పి రా, నిలబడు.”

తిట్టుకుంటూనే నిలబడ్డాడు. కూతురు మానేసి స్విమ్మింగ్‌లో చేరింది, తండ్రి మానలేదు. ఇలాంటివాళ్ళని తరిమెయ్యకండి. మొదటి రోజు తిక్క ప్రశ్న వేసినవాడే మిగిలిపోతాడు, చేతులు జోడించి భక్తిగా వచ్చినవాడు రెండో వారం కనిపించడు. నా అనుభవం అది.

ప్రవీణ్ తరవాత ఉద్యోగం మారి పడమటి తీరాన రెడ్‌మండ్ వెళ్ళిపోయాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్. ఊపిరాడనంత హడావుడి.

“ఆంటీ, కూర్చోండి ముందు. నా టీమ్‌మేట్ గ్రేస్ లేదా, వాళ్ళింటికి బర్త్‌డేకి పోయిన. హాల్‌ల మన ఫొటో ఉంది!”

“మన ఫొటో ఏంటి?”

“మన గోడ మీద లాస్ట్ తాత! ఆయన గ్రేస్‌కి గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ అంట. ఆయన బిడ్డ బతికే ఉంది ఆంటీ, ఆ ఇంట్లనే ఉంటది. తొంభై దాటినయ్!”

నేను కూర్చోలేదు. ఫోన్ పట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగాను. గురువుగారి కూతురు! మా సిఫుకి అక్క వరస, నాకు సిగు, మేనత్త! ఆవిడ ఒప్పుకుంటే ఇంకెవరి ఒప్పుదలా అక్కర్లేదు.

“కానీ ఆంటీ,” అన్నాడు ప్రవీణ్, గొంతు తగ్గించి, “చివర్ల వాళ్ళ నాన్న దగ్గర ఒక పోరగాడు ఒక్కడే నేర్చుకున్నడంట. పేరేందో ఆమెకి తెల్వదు. ఆ పోరగాణ్ణి నేనే అనుకుంట మస్తుమంది వచ్చి పోయిన్రంట. ఒకాయన మన పెద్ద వరస ఎంత క్లీన్‌గ చేసినా నో అన్నదంట.”

సిఫు, డెనీస్, నేను ఆవిడ దగ్గరికి బయల్దేరే ముందు రోజు ప్రవీణ్ మళ్ళీ ఫోన్ చేశాడు. “ఆంటీ, ఆ కాలు ఈడ్చేది స్కిప్ చెయ్యండి. క్లీన్‌గ చేసినోళ్ళకే నో అంటే, మనల్ని గేటు కాడి నుంచే పంపిస్తది. రిస్క్ ఎందుకు?”

డెనీస్ కూడా అదే అంది. నర్సు ఉద్యోగం చేసే మనిషి, ఊరికే కంగారుపడదు. “సిఫు, ఒక్క రోజుకి ఎత్తి వేస్తే ఏం పోతుంది?” అని నన్నే అడిగింది, దానికి సిఫుని నేనే కదా. నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. విమానంలో మా సిఫు పక్కన కూర్చుని ఏం చెయ్యమంటారని అడిగాను. ఆయన వేరుశనగలు నములుతూ “నాకు వచ్చినట్టు” అన్నాడు.

రెడ్‌మండ్‌లో గరాజ్

బయట వాన. గ్రేస్ కార్లు రెండూ వీధిలో పెట్టి గరాజ్ ఖాళీ చేసింది. సిగు ఊదారంగు స్వెట్టర్ వేసుకుని, చెవిలో మిషన్ పెట్టుకుని, వీపు ఆనించకుండా కుర్చీలో కూర్చుంది. చిన్న మనిషి, చూపు మాత్రం కొలతబద్దలా ఉంది. ఆవిడ మాట్లాడింది గ్రేస్ ఇంగ్లీషులో చెప్పేది.

సిఫు హాల్లో ఆ ఫొటో చూసి అక్కడే నిలబడిపోయాడు.  “మా బడిలోనూ ఇదే ఉంది” అన్నాను నేను.

“ఫొటో అందరి దగ్గరా ఉంది. కొనుక్కుంటారు” అంది సిగు. “మాటలు వద్దు. చివరి భాగం చేసి చూపించండి.”

సిఫు ఒంట్లో ఓపిక లేదు. నేను చెప్పులు విప్పి సిమెంటు మీద నిలబడ్డాను. ప్రవీణ్ గోడ దగ్గర నిలబడి, కాలు ఎత్తమని కళ్ళతో సైగ చేస్తున్నాడు. మొదలుపెట్టాను. దెబ్బ, కాపు, మలుపు. ఆ చోటు దగ్గరపడింది. ఎత్తుదామనే అనుకున్నాను. కానీ సిఫు కూర్చున్నవాడు ముందుకి వంగి చూస్తున్నాడు. ఆయన ముందు నాకు కాలు లేవలేదు. ఈడ్చాను. ఖాళీ గరాజ్‌లో సర్రుమంది.

“ఆగు” అంది సిగు.

ప్రవీణ్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

“మళ్ళీ చెయ్యి. ఆ అడుగు.”

మళ్ళీ చేశాను. ఆవిడ కుర్చీలోంచి లేచింది. గ్రేస్ పట్టుకోబోతే విదిలించుకుని నా దగ్గరికొచ్చి, కిందికి వంగి, నా ఎడమ చీలమండ రెండు చేతుల్తో పట్టుకుంది. ఏదో అంది. 

“ఇది మా నాన్న కాలు అంటోంది” అంది గ్రేస్.

రేవులో పెట్టె మీదపడి ఆయన ఎడమకాలు చితికిందట. బయటికి తెలిస్తే కొట్టడానికి పోటీదారులు వస్తారు, శిష్యులు పోతారు. అందుకే బడి మూసేశాడు. ఎవరి ముందూ నడిచేవాడు కాదు. కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. పాత శిష్యులందరూ మంచి కాలుతో చేసినప్పుడు నేర్చుకున్నారు. ఆ దెబ్బ తగిలాక నేర్చుకున్నది ఒకే ఒక్క కుర్రాడు. ఆ కుర్రాడు అదీ విద్యలో భాగమేననుకుని, అచ్చు అలాగే పట్టుకుని, అమెరికా తెచ్చి, మాకు నేర్పాడు!

‘ఓరి నాయనో’ అని తెలుగులో అరిచేశాను. ప్రవీణ్ ఈల వేశాడు. డెనీస్ నన్ను ఎత్తి గిర్రున తిప్పింది. మమ్మల్ని కుంటివాళ్ళన్న మహానుభావులకి ఆ క్షణంలో ఫోన్ చెయ్యాలనిపించింది, మా రెండు పేజీల జవాబు చదివి వినిపించాలనిపించింది. సిఫు మాత్రం “ఆయనకి నొప్పిగా ఉండేదా?” అని అడిగాడు. “చాలా” అంది సిగు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

సిగు నావైపు తిరిగి వేలు చూపించింది. “ఇక పిల్లలకి నేర్పకు. ఇది విద్య కాదు, దెబ్బ. నాకు చూపించడానికి దాచావు, చూపించావు. ఇక కాలెత్తు.”

కొత్తగా నేర్పేవాళ్ళకి నేను చెప్పేదీ ఇదే. గురువు నుంచి వచ్చినదాన్ని మీ తెలివితో ముందే చెరిపెయ్యకండి. సంగతి తెలిశాక మొండిగా పట్టుకునీ వేలాడకండి. ఇప్పుడు డెనీస్ క్లాసులో పిల్లలు చక్కగా కాలెత్తి వేస్తున్నారు. నాకు మాత్రం అలవాటు పోలేదు.

ఆ తరవాత సిగు మా సిఫుని అడిగింది, “మా నాన్నకి టీ ఇచ్చావా?”

“ఇవ్వలేదు. ఆ పండగ రాలేదు.”

ఆవిడ హాల్లోకి నడిచి, తండ్రి ఫొటో కింద కూర్చుంది. గ్రేస్ టీ తెచ్చింది. డెనీస్ “మోకాళ్ళ మీద వద్దు, ఆపరేషన్ అయిన మనిషి” అనబోతే సిఫు ఒక్క చూపుతో ఆపేశాడు. ఎనభై దాటిన మా సిఫు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో కప్పు ఎత్తి ఇచ్చాడు. సిగు తండ్రి తరఫున తాగింది. “సిదాయ్” అంది. తమ్ముడూ అని.

ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి, ఫొటో పక్కనున్న కుర్చీలో కూర్చుని, నన్ను చూసి కసిరాడు. “ఇంకా ఏం చూస్తున్నావు?”

వంటింట్లోకి పరుగెత్తాను. కంగారులో సగం టీ సాసర్లో పోసుకుని వచ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని ఇచ్చాను. మా సిఫు కప్పులోది తాగి, సాసర్లోది కూడా తాగాడు. నేను చిన్నపిల్లలా ఏడ్చాను, అందరూ చూస్తున్నారని కూడా లేదు.

లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. ప్రవీణ్, గ్రేస్ చెరో రెక్కా పట్టుకుని లేపి సిఫు పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా డెనీస్ మోకాళ్ళ మీద ఉంది, చేతుల్లో కప్పుతో. దాని వెనక ప్రవీణ్ కంగారుగా తనకో కప్పు వెతుక్కుంటున్నాడు.

డెనీస్ ఇచ్చిన టీ పొగలు కక్కుతోంది. ఊదుకునేదాకా ఆగలేకపోయాను. నాలుక కాలింది, ఒక్క చుక్క వదలకుండా తాగాను.